"టేక్ అప్ ద గాంట్‌లెట్" ఎలా వాడాలి: సవాల్ విసిరిందెవరో తెలిస్తేనే

ఇంగ్లీష్ వార్తలు చదివే అలవాటున్న వాళ్లకి ఈ మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. ఒక నాయకుడు ఇంకో నాయకుడిని దమ్ముంటే నాతో డిబేట్‌కి రా అంటాడు, మర్నాడు హెడ్‌లైన్‌లో "త్రోస్ డౌన్ ద గాంట్‌లెట్" అని వస్తుంది, అవతలాయన సరే వస్తా అంటే "టేక్స్ అప్ ద గాంట్‌లెట్" అని ఇంకో హెడ్‌లైన్. ఏదో సవాల్ వ్యవహారం అని సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కాబట్టి డిక్షనరీ తియ్యకుండానే ముందుకెళ్లిపోతాం. చదవడం వరకు ఆ మాత్రం చాలు. మీరే సొంతంగా రాయాలి, మీటింగ్‌లో అనాలి, వ్యాసంలో పెట్టాలి అంటే మాత్రం ఇంకొంచెం లోపలికి వెళ్లాలి. ఎందుకంటే "సవాల్‌ని స్వీకరించడం" అని ఒక్క ముక్కలో అర్థం బట్టీ పట్టేసిన వాళ్లు దీన్ని పరీక్షలకి, ట్రాఫిక్‌కి, బరువు తగ్గడానికి, అన్నింటికీ వాడేస్తుంటారు. గ్రామర్ పరంగా తప్పేమీ కనిపించదు, అయినా ఇంగ్లీష్ బాగా చదివిన వాళ్ల చెవికి తేడా కొడుతుంది. ఆ తేడా ఎక్కడొస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు.

స్టెప్ 1: ముందు ఆ గ్లవ్ సంగతి తెలుసుకోండి

గాంట్‌లెట్ అంటే చేతికి తొడుక్కునే గ్లవ్ అండీ, అంతే. కాకపోతే చలికి వేసుకునే మెత్తటి ఉన్ని గ్లవ్ అనుకోకండి, మధ్యయుగాల యూరప్‌లో గుర్రాల మీద యుద్ధానికెళ్లే నైట్‌లు కవచంతో పాటు తొడుక్కున్న చేతితొడుగు, వేళ్లు ముడవడానికి వీలుగా చిన్న చిన్న ఇనుప రేకుల్ని ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేర్చి చేసేవాళ్లు. మాట ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీష్‌లోకి వచ్చింది. పలికేటప్పుడు బరువంతా మొదటి ముక్క మీదే పెట్టాలి, లా కాలేజీ అనేటప్పుడు "లా"లో ఆ దీర్ఘం ఎలా వస్తుందో బ్రిటిష్ వాళ్లు "గా" దగ్గర అలా పలుకుతారు, చివర "లెట్" అనేది దాదాపు "లిట్" అన్నట్టు చిన్నగా వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు సీన్. ఒకడికి ఇంకొకడితో తేల్చుకోవాల్సిన గొడవ ఉంది. నలుగురూ చూస్తుండగా చేతికున్న గాంట్‌లెట్ తీసి అవతలివాడి ముందు నేల మీద పడేస్తాడు. అంటే నాతో పోరాడు అని అర్థం. అవతలివాడు వంగి దాన్ని తీసుకుంటే సరే పోరాడతా అన్నట్టు. తియ్యకుండా నిలబడిపోతే వెనక్కి తగ్గాడని అక్కడున్న అందరికీ తెలిసిపోతుంది, నోరు తెరిచి నేను రాను అని చెప్పాల్సిన పని కూడా లేదు. మనం కూడా సవాల్‌ని "విసురుతాం" గదా, మాట చూస్తే రెండు భాషలూ ఒకేలా ఆలోచించినట్టే ఉంది. అయితే మన విసరడంలో వస్తువేమీ లేదు, అంతా మాటే. అందుకని మనకి అవతలివాడు సవాల్‌ని "స్వీకరిస్తాడు" లేదా "సై" అంటాడు, వంగి తీసుకోడు. ఇంగ్లీష్‌లో మాత్రం నేల మీద నిజంగానే ఒక వస్తువు పడి ఉంది, ఎవరో ఒకరు తీస్తారా తియ్యరా అని చూస్తున్నారు. ఈ బొమ్మ మనసులో ఉంటే ఇడియమ్ వాడటంలో సగం తప్పులు వాటంతటవే ఆగిపోతాయి.

ఇదేదో కథల్లోని సంగతి అనుకునే వాళ్లకి రెండు నిజమైన సంఘటనలు చెప్తాను, రెండూ ఇంగ్లండ్‌లోనే జరిగాయి, పైగా రెండూ నైట్‌ల కాలం ఎప్పుడో వెళ్లిపోయాక జరిగాయి.

మొదటిది 1817లో మొదలైంది. బర్మింగ్‌హామ్ దగ్గర మేరీ యాష్‌ఫర్డ్ అనే యువతి చనిపోయింది, అబ్రహం థార్న్‌టన్ అనే అతని మీద హత్య కేసు నడిచింది, జ్యూరీ నిర్దోషి అంది. జనానికి ఆ తీర్పు అస్సలు నచ్చలేదు. అప్పటి చట్టంలో చనిపోయినవాళ్ల దగ్గరి బంధువు మళ్లీ కేసు పెట్టే పాత దారి ఒకటి మిగిలి ఉంది, మేరీ అన్న విలియం ఆ దారిలో వెళ్లాడు. కానీ ఆ పాత దారితో పాటు దానికి జోడీగా ఇంకో పాత హక్కు కూడా అలాగే మిగిలిపోయి ఉందని, అంటే నిందితుడు నేను యుద్ధం చేసి నా నిర్దోషిత్వం నిరూపించుకుంటా అనొచ్చని థార్న్‌టన్ లాయర్లు పట్టుకున్నారు. లండన్‌లో కింగ్స్ బెంచ్ కోర్టులో 1817 నవంబర్‌లో థార్న్‌టన్ నిలబడి, నేను దోషిని కాను, నా శరీరంతో దాన్ని నిరూపించడానికి సిద్ధం అని చెప్పి, ఒక జత తోలు గాంట్‌లెట్‌లలో ఒకటి చేతికి తొడుక్కుని రెండోది కోర్టు నేల మీద పడేశాడు. విలియం దాన్ని తియ్యలేదు. జడ్జీలు నెలల తరబడి తలలు పట్టుకుని చివరికి 1818 ఏప్రిల్‌లో, చట్టం చట్టమే, యుద్ధం అడిగే హక్కు అతనికి ఉంది అని తేల్చారు. విలియం యుద్ధానికి దిగనన్నాడు, థార్న్‌టన్ బయటికొచ్చేశాడు. ఇలాంటిది ఇంకోసారి జరగకుండా 1819లో పార్లమెంట్ ఆ పద్ధతినే రద్దు చేసింది. ఈ కథని ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యంలో చెప్పాలంటే "థార్న్‌టన్ త్రూ డౌన్ ద గాంట్‌లెట్, బట్ యాష్‌ఫర్డ్ డిడ్ నాట్ టేక్ ఇట్ అప్". ఇక్కడ ఇడియమ్ కూడా కాదు, అక్షరాలా జరిగిందే అది.

రెండోది కొంచెం తమాషాగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో కొత్త రాజు పట్టాభిషేకం రోజు వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌లో జరిగే విందులోకి కింగ్స్ ఛాంపియన్ అనే ఆయన పూర్తి కవచంలో గుర్రం మీదే వచ్చేవాడు, ఈ రాజుకి హక్కు లేదనేవాళ్లు ఎవరైనా ఉంటే నాతో తలపడండి అనే సవాల్ చదివించి గాంట్‌లెట్ కింద పడేసేవాడు. హాల్ గుమ్మం దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, సింహాసనం మెట్ల దగ్గర ఒకసారి, మొత్తం మూడుసార్లు. లింకన్‌షైర్‌కి చెందిన డైమోక్ కుటుంబానికి తరతరాలుగా వచ్చిన పని ఇది. చివరిసారి ఇలా జరిగింది 1821లో, నాలుగో జార్జ్ పట్టాభిషేకానికి. అప్పుడు ఆ హక్కు ఉన్న పెద్దాయన చర్చిలో మతగురువు కావడంతో కవచం వేసుకుని గుర్రమెక్కడం బాగోదని కొడుకు హెన్రీ డైమోక్‌ని పంపాడు. గాంట్‌లెట్ పడిన ప్రతిసారీ ఎవరూ తియ్యకపోతే ఆ సవాల్ చదివిన హెరాల్డే (రాజు తరఫున ప్రకటనలు చదివే అధికారి) తీసి మళ్లీ ఛాంపియన్ చేతికిచ్చేవాడు, దాన్ని సవాల్ ఒప్పుకున్నట్టు లెక్కలోకి తీసుకోరు లెండి. తర్వాత వచ్చిన రాజు 1831లో ఖర్చెందుకని విందే పెట్టలేదు, ఆ తంతు అక్కడితో ఆగిపోయింది.

స్టెప్ 2: "ఎవరు విసిరారు?" అని మిమ్మల్ని మీరు అడగండి

ఈ మొత్తంలో ముఖ్యమైన స్టెప్ ఇదే, మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. పైన రెండు కథల్లోనూ విసిరిన మనిషి ఒకడున్నాడు. నేల మీద గ్లవ్ పడి ఉందంటే దాన్ని పడేసిన చెయ్యి ఒకటి ఉండాలి కదా. కాబట్టి మీ వాక్యంలో సవాల్ విసిరింది ఎవరు అనే ప్రశ్నకి ఒక పేరో, ఒక సంస్థో, ఒక గుంపో జవాబుగా రావాలి. రాకపోతే ఆ వాక్యంలో ఈ ఇడియమ్‌కి చోటు లేదు.

ఉదాహరణకి ఒకమ్మాయికి పెద్ద జబ్బు చేసింది, ధైర్యంగా ఎదుర్కొంటోంది. "షి టుక్ అప్ ద గాంట్‌లెట్" అనొచ్చా? జబ్బు ఎవరూ విసిరిన సవాల్ కాదు, వచ్చి పడింది. ఇక్కడ సరిపడదు. ఒక ఉద్యోగికి కొత్త ప్రాజెక్ట్ అప్పగించారు, కష్టమైందే, ఒప్పుకున్నాడు. బాస్ పని ఇచ్చాడు గానీ నీకు చేతనవుతుందా చూద్దాం అని రెచ్చగొట్టలేదు, కాబట్టి ఇక్కడ కూడా నప్పదు. అదే బాస్ అందరి ముందు, ఈ పని నెలరోజుల్లో పూర్తి చేసేవాళ్లు ఈ ఆఫీసులో ఎవరైనా ఉన్నారా అని అడిగాడనుకోండి, అప్పుడు ఒకామె లేచి నేను చేస్తా అంది. ఇప్పుడు అద్భుతంగా సరిపోతుంది. పని అదే, కష్టం అదే, మారిందల్లా నలుగురిలో ఒకరు విసరడం, ఇంకొకరు తియ్యడం.

ఇంకో చిన్న పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. మీ తెలుగు వాక్యంలో "సై అన్నాడు" లేదా "బరిలోకి దిగాడు" అని పెట్టి చూడండి, సహజంగా ఉంటే గాంట్‌లెట్ కూడా చాలావరకు సరిపోతుంది. "జ్వరానికి సై అన్నాడు" అని ఎవరైనా అంటారా? అనరు. "పోటీ కంపెనీ ధరలు తగ్గిస్తే వీళ్లూ సై అన్నారు" అంటారు, అక్కడ గాంట్‌లెట్ పెట్టొచ్చు. ఈ పరీక్ష నూటికి నూరు పాళ్లు పనిచేస్తుందని చెప్పను గానీ తప్పు వాడకాల్ని పట్టుకోవడానికి మాత్రం చాలా బాగా ఉపయోగపడుతుంది.

దీంతో పాటే ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గాంట్‌లెట్ తీసుకున్నాడు అంటే ఒప్పుకున్నాడు అని మాత్రమే, గెలిచాడని కాదు. వంగి గ్లవ్ తీసుకున్న నైట్ ఆ తర్వాత పోరులో చావొచ్చు కూడా. అందుకే "హి టుక్ అప్ ద గాంట్‌లెట్" అని ఆపేస్తే చదివేవాళ్లకి తర్వాత ఏమైంది అనే ప్రశ్న మిగులుతుంది, ఫలితం కూడా చెప్పాలంటే "అండ్ వన్" అనో "అండ్ లాస్ట్" అనో విడిగా చెప్పాల్సిందే. "రోజ్ టు ద ఛాలెంజ్" అలా కాదు, దాంట్లో బాగానే చేశాడు, నెట్టుకొచ్చాడు అనే అర్థం లోపలే ఉంది. ఓడిపోయిన వాడి గురించి "రోజ్ టు ద ఛాలెంజ్" అంటే వింతగా ఉంటుంది, "టుక్ అప్ ద గాంట్‌లెట్" అంటే ఏమాత్రం వింతగా ఉండదు.

స్టెప్ 3: వాక్యంలో కూర్చోబెట్టడం

ఇక్కడ రూల్స్ పెద్దగా లేవు, ఉన్నవి మాత్రం కచ్చితంగా పాటించాలి. ముందర ఎప్పుడూ "ద" ఉంటుంది, "ఎ గాంట్‌లెట్" అనకండి, "హిజ్ గాంట్‌లెట్", "హర్ గాంట్‌లెట్" లాంటివి కూడా ఇడియమ్‌గా వాడేటప్పుడు మామూలుగా పెట్టరు. బహువచనం చెయ్యకండి, పదిమంది సవాల్‌ని ఒప్పుకున్నా "దే టుక్ అప్ ద గాంట్‌లెట్" అనే అంటారు. "టేక్ అప్" బదులు "పిక్ అప్" అన్నా అర్థం ఒకటే, రెండూ వాడుకలో ఉన్నాయి, నాకైతే మామూలు మాటల్లో "పిక్ అప్" కొంచెం తేలిగ్గా వినిపిస్తుంది. "యాక్సెప్ట్ ద గాంట్‌లెట్" అని కూడా అక్కడక్కడా కనపడుతుంది కానీ వంగి తీసే బొమ్మ పోతుంది కాబట్టి నేను సిఫార్సు చెయ్యను.

గాంట్‌లెట్ బదులు "ఇట్" అనాల్సి వస్తే "ఇట్" మధ్యలోకి రావాలి, "టుక్ ఇట్ అప్" అనాలి, "టుక్ అప్ ఇట్" అంటే తప్పు. ఇది ఈ ఇడియమ్ ఒక్కదానికే కాదు, ఇంగ్లీష్‌లో ఇలా రెండు ముక్కలుగా ఉండే క్రియలు చాలావాటికి వర్తిస్తుంది. భూతకాలం రూపాలు టేక్‌కి టుక్, టేకెన్. త్రోకి త్రూ, త్రోన్. తెలిసినవే కదా అనుకోకండి, తొందరలో "త్రోడ్ డౌన్" అని రాసేవాళ్లు ఉన్నారు, అక్కడ పరువు పోతుంది.

విసిరే వైపు నుంచి చెప్పేటప్పుడు ఎవరికి విసిరారో "టు" పెట్టి చెప్తారు: "ద స్టార్టప్ త్రూ డౌన్ ద గాంట్‌లెట్ టు ఇట్స్ బిగ్గర్ రైవల్స్". ఎవరు విసిరారన్నది చెప్పక్కర్లేనప్పుడు "ద గాంట్‌లెట్ హాజ్ బీన్ త్రోన్ డౌన్" అని కర్మణిలో (పాసివ్ వాయిస్‌లో) పెడతారు, వార్తల్లో చాలా ఎక్కువగా కనిపించే రూపం ఇదే, హెడ్‌లైన్ ఇరుకులో "డౌన్" కూడా ఒక్కోసారి ఎగిరిపోతుంది. తీసుకునే వైపు నుంచి చెప్పేటప్పుడు కర్మణి తక్కువ, తీసిందెవరన్నదే అక్కడ వార్త కాబట్టి ఆ మనిషే వాక్యంలో ముందుకొస్తాడు. ఒప్పుకోని వాళ్ల గురించి చెప్పాలంటే "డిక్లైన్డ్ టు టేక్ అప్ ద గాంట్‌లెట్" లేదా ఇంకా సూటిగా "నోబడీ పిక్డ్ అప్ ద గాంట్‌లెట్". వేరేవాళ్ల తరఫున ఒకరు రంగంలోకి దిగితే "ఆన్ బిహాఫ్ ఆఫ్" కలుపుకోవచ్చు, కింగ్స్ ఛాంపియన్ రాజు తరఫున వచ్చినట్టన్నమాట.

స్టెప్ 4: ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది

ఈ మాటలో కొంచెం డ్రామా ఉంది, పోట్లాట వాసన కూడా ఉంది. రాజకీయం, ఆటలు, వ్యాపారంలో పోటీ, పాఠకుల్ని ఏదైనా చెయ్యమని సరదాగా కవ్వించడం, ఇలాంటి చోట్ల బాగా పేలుతుంది. డిబేట్‌లో మీరు మాట్లాడుతూ, అవతలి జట్టు మమ్మల్ని రుజువు చూపించమని అడిగింది, ఇదిగో తీసుకుంటున్నాం అన్న అర్థంలో "వి గ్లాడ్లీ టేక్ అప్ ద గాంట్‌లెట్" అంటే హాల్లో ఊపొస్తుంది.

ఉద్యోగానికి పెట్టే అప్లికేషన్ లెటర్‌లో మాత్రం వద్దు. "ఐ యామ్ రెడీ టు టేక్ అప్ ద గాంట్‌లెట్" అని రాస్తే చదివే హెచ్‌ఆర్‌కి మేమెప్పుడు సవాల్ విసిరాం ఇతనికి అనిపిస్తుంది, పైగా కొట్లాటకి వస్తున్నట్టుంటుంది. అక్కడ "ఐ లుక్ ఫార్వర్డ్ టు టేకింగ్ ఆన్ దిస్ ఛాలెంజ్" అన్నది సాదాగా ఉన్నా పని జరుగుతుంది. సంతాపం, జబ్బు, కుటుంబ సమస్య లాంటి సున్నితమైన విషయాల్లో దగ్గరికే రానివ్వకండి. ఇంట్లో మాటల్లో, అన్నదమ్ముల మధ్య, ఫ్రెండ్స్ మధ్య వెటకారానికి వాడుకోవచ్చు, నేను నిన్ను చెస్‌లో పది ఎత్తుల్లో ఓడిస్తా అని ఒకడంటే రెండోవాడు బోర్డు ముందుకి లాగుతూ ఈ మాట అంటే చాలా బాగుంటుంది, పెద్ద మాటని చిన్న విషయానికి వాడటంలో ఉన్న నవ్వు అది. అయితే ఆ నవ్వు కావాలనే పుట్టిస్తున్నామని వినేవాళ్లకి తెలియాలి.

ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీష్ పరీక్షల్లో వ్యాసాలు రాసేవాళ్లు ఇడియమ్‌లు ఇరికిస్తే మార్కులొస్తాయని అనుకుంటుంటారు. చోటు కుదిరితే సరే, కుదరని చోట ఇరికించిన ఇడియమ్ కన్నా సరిగ్గా రాసిన మామూలు వాక్యమే నయం.

స్టెప్ 5: "రన్ ద గాంట్‌లెట్" తో కలపకండి

స్పెల్లింగ్ ఒకటే, పలకడం ఒకటే, పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. అది గ్లవ్ నుంచి రాలేదు. స్వీడిష్‌లో "గాట్‌లోప్" అని సైన్యంలో ఒక శిక్ష ఉండేది, సైనికులు ఎదురెదురుగా రెండు వరసల్లో కర్రలో తాళ్లో పట్టుకుని నిలబడితే శిక్ష పడినవాడు ఆ సందులోంచి దెబ్బలు తింటూ వెళ్లాలి. ఆ మాట 17వ శతాబ్దంలో ఇంగ్లీష్‌లోకి వచ్చి జనం నోట్లో నలిగి, అప్పటికే ఉన్న గాంట్‌లెట్ ఆకారంలోకి మారిపోయింది. కాబట్టి "రన్ ద గాంట్‌లెట్" అంటే రెండు పక్కల నుంచీ దాడో విమర్శలో పడుతుండగా మధ్యలోంచి వెళ్లడం. కోర్టు బయట కెమెరాలు, అరుపుల మధ్య నుంచి కారు దాకా నడిచిన మనిషి "ర్యాన్ ద గాంట్‌లెట్". అతను ఏ సవాల్‌నీ ఒప్పుకోలేదు, దెబ్బలు తిన్నాడంతే. మూడు క్రియల్ని గుర్తుపెట్టుకుంటే చాలు: త్రో అయితే విసిరాడు, టేక్ అప్ అయితే ఒప్పుకున్నాడు, రన్ అయితే పడ్డాడు.

స్టెప్ 6: గాంట్‌లెట్ కుదరకపోతే ఇంకేం వాడాలి

స్టెప్ 2లో పరీక్ష ఫెయిలైన వాక్యాలకి వేరే మాటలు కావాలి కదా. ఎవరూ విసరలేదు గానీ కష్టమైన సమస్య ఎదురుగా ఉంది, దాన్ని తప్పించుకోకుండా నేరుగా పట్టుకున్నాడు అనడానికి "టేక్ ద బుల్ బై ద హార్న్స్", ఎద్దు కొమ్ములు పట్టుకోవడం. ఇష్టం లేకపోయినా తప్పదు కాబట్టి పంటి బిగువున చేశాడు అనడానికి "బైట్ ద బుల్లెట్". కొరడా దెబ్బలు తినే సైనికులు అరవకుండా ఉండటానికి తూటా కొరికేవాళ్లని 18వ శతాబ్దం చివరి నిఘంటువుల్లోనే ఉంది. ఇందులో ఉత్సాహం సున్నా, గాంట్‌లెట్‌లో ఉన్నదే ఉత్సాహం, కాబట్టి ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడటం అసలు కుదరదు.

బాధ్యత తీసుకునేవాళ్లు లేనప్పుడు ఒకరు ముందుకొచ్చి తీసుకుంటే "స్టెప్ అప్ టు ద ప్లేట్". ఇది అమెరికన్ బేస్‌బాల్ నుంచి వచ్చింది, ప్లేట్ అంటే తినే ప్లేట్ కాదు, బ్యాటింగ్ చేసేవాడు వచ్చి నిలబడే హోమ్ ప్లేట్. ఎన్నికలకో పదవికో నేనూ పోటీలో ఉన్నా అని ప్రకటిస్తే "త్రో వన్స్ హ్యాట్ ఇన్ ద రింగ్", ఇది బాక్సింగ్ రింగ్ చుట్టూ చేరిన జనంలోంచి నేనొస్తా అని టోపీ విసిరే అలవాటు నుంచి వచ్చింది, 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ చేస్తానని చెప్పడానికి ఇదే మాట అన్నాడు. ఇందులోనూ విసరడం ఉంది గానీ ఇక్కడ విసిరినవాడే బరిలోకి దిగేవాడు, ఒకరు తీసుకోవాల్సిన పని లేదు. అది గమనించకపోతే హ్యాట్‌కీ గ్లవ్‌కీ తేడా తెలియకుండా పోతుంది.

స్టెప్ 7: జరిగిన సంగతులతో ప్రాక్టీస్ చెయ్యండి

ఊహించి రాసిన వాక్యాల కన్నా నిజంగా జరిగినవాటిని ఈ ఇడియమ్‌లోకి మార్చి చూస్తే బాగా ఒంటబడుతుంది. రెండు నేను చేసి చూపిస్తాను.

1919లో న్యూయార్క్‌లో హోటల్ నడిపే రేమండ్ ఓర్టీగ్ అనే ఆయన, న్యూయార్క్ నుంచి పారిస్‌కి గానీ పారిస్ నుంచి న్యూయార్క్‌కి గానీ మధ్యలో ఆగకుండా విమానంలో మొదట వెళ్లినవాళ్లకి 25,000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. అప్పటి విమానాలకి అది మాటలు కాదు, ముందు పెట్టిన ఐదేళ్ల గడువు అలాగే గడిచిపోయింది, ఆయన మళ్లీ పొడిగించాడు. 1926లో రెనే ఫోంక్ అనే ఫ్రెంచ్ పైలట్ ప్రయత్నిస్తే విమానం పైకి లేవకముందే కూలి ఇద్దరు చనిపోయారు. చివరికి 1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా దాదాపు ముప్ఫైమూడున్నర గంటలు ఎగిరి పారిస్‌లో దిగాడు. విసిరింది ఎవరు? ఓర్టీగ్. తీసింది ఎవరు? ఇక్కడ ఆగి ఆలోచించండి. చాలామంది వెంటనే లిండ్‌బర్గ్ అంటారు, కానీ ఫోంక్ కూడా తీశాడు, ఓడిపోయాడంతే. కాబట్టి "సెవరల్ పైలట్స్ టుక్ అప్ ద గాంట్‌లెట్, బట్ ఓన్లీ లిండ్‌బర్గ్ సక్సీడెడ్" అనాలి. బహుమతి ప్రకటించడం పోరుకి పిలవడం లాంటిదేనా అని ఎవరికైనా అనుమానం రావొచ్చు, నిజమే, కొంచెం మెత్తటి సవాల్ ఇది, అయినా బహిరంగంగా విసిరిందే కాబట్టి ఇంగ్లీష్‌లో ఇలాంటి చోట్ల హాయిగా వాడతారు.

రెండోది చెస్. 1996లో ప్రపంచ ఛాంపియన్ గారీ కాస్పరోవ్ ఐబీఎం వాళ్ల డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆడి 4-2తో గెలిచాడు. 1997లో న్యూయార్క్‌లో మళ్లీ ఆడితే ఈసారి మూడున్నర, రెండున్నర పాయింట్లతో కంప్యూటర్ గెలిచింది. కాస్పరోవ్ మరో మ్యాచ్ పెట్టండి అని అడిగాడు, ఐబీఎం పెట్టలేదు, డీప్ బ్లూని పక్కన పెట్టేసింది. ఈ చివరి ముక్క చూడండి, విసిరినవాడు మనిషి, తియ్యనిది కంపెనీ: "కాస్పరోవ్ త్రూ డౌన్ ద గాంట్‌లెట్ ఫర్ ఎ రీమ్యాచ్, బట్ ఐబీఎం డిడ్ నాట్ పిక్ ఇట్ అప్". "ఇట్" ఎక్కడుందో గమనించారా, స్టెప్ 3లో చెప్పినట్టు మధ్యలోనే.

ఇప్పుడు మీ వంతు. ఈ మూడింటిలో గాంట్‌లెట్ ఎక్కడ సరిపోతుందో చూడండి. ఒకటి: ఒకాయన యాభై ఏళ్ల వయసులో ఎవరూ చెప్పకుండానే తనంతట తనే కొత్త భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రెండు: ఒక కాలేజీ జట్టు మా రికార్డ్ ఎవరూ కొట్టలేరని అంటే, పక్క కాలేజీ వాళ్లు వచ్చే ఏడాది మేం కొడతాం అన్నారు. మూడు: నది పొంగి ఊరు మునిగితే కలెక్టర్ రాత్రంతా నిలబడి జనాన్ని బయటికి తెచ్చింది.

రెండోదానికి మాత్రమే సరిపోతుంది. మొదటిదానికి "టుక్ ఆన్ ఎ ఛాలెంజ్" చాలు, ఇడియమ్‌తో పనే లేదు. మూడోదానికి "రోజ్ టు ద ఆకేషన్" అనండి, నది ఎవరికీ గ్లవ్ విసరలేదు, ఆవిడ చేసిన పని మాత్రం చాలా గొప్పగా ఉంది, ఆ గొప్పతనాన్ని చెప్పే మాట అది. రెండోదాన్ని పూర్తిగా రాయాలంటే "ద నెయిబరింగ్ కాలేజ్ హాజ్ టేకెన్ అప్ ద గాంట్‌లెట్" అని రాసి, రికార్డ్ కొట్టారో లేదో వచ్చే ఏడాది ఇంకో వాక్యంలో రాసుకోండి.